బరంపురమా, రాయగడా, జయపురమా, పర్లాకిమిడా?

మొన్న మా మేనకోడలు ఫోన్ చేసింది. పీహెచ్‌డీ అయ్యాక రెండు చోట్ల లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఒకటి బరంపురంలో, ఒకటి కోరాపుట్ వైపు. "జీతం ఇంచుమించు ఒకటే మావయ్యా. నువ్వు రెండు చోట్లా ఉన్నావు కదా, ఏది మంచిది?" అని అడిగింది. ఎన్నాళ్ళు ఉందామనుకుంటున్నావని అడిగాను. "రెండేళ్ళు చూసి వైజాగ్ వచ్చేస్తాను" అంది.

ఈ మాట నాకు కొత్త కాదు. బ్యాంకు ఉద్యోగంలో పద్నాలుగేళ్ళుగా ఒడిశా సరిహద్దు జిల్లాల్లోనే తిరుగుతున్నాను. మొదట పర్లాకిమిడి, తరవాత రాయగడ, ఆ తరవాత కోరాపుట్ జిల్లా జయపురం, ఇప్పుడు బరంపురం. రెండేళ్ళే అని వచ్చి పన్నెండేళ్ళు ఉండిపోయిన ఇంజనీర్లను చూశాను. ఇల్లు కట్టుకుంటామని స్థలం కూడా చూసుకుని ఏడాది తిరక్కుండా వెళ్ళిపోయిన డాక్టర్లనూ చూశాను. బ్యాంకులో కూర్చున్నవాడికి ఇది ముందే కొంత తెలుస్తుంది. కొందరి జీతం పడిన రోజే విశాఖ ఫ్లాట్ ఈఎంఐకి పోతుంది. కొందరు ఆధార్‌లో అడ్రసు ఇక్కడికి మార్చుకుని ఆ కాగితం తెచ్చి ఇస్తారు. ఎప్పుడో ఒకరు మాత్రం పక్కింటి పిల్లాడి చదువు లోనుకు పూచీ సంతకం పెట్టడానికి వస్తారు. అలాంటి మనిషి ఇక ఈ ఊరు వదలడని నాకు అప్పుడే అర్థమైపోయేది.

అందుకే ఈ నాలుగు ఊళ్ళనూ జీతం, కరెంటు, నీళ్ళు అనే లెక్కలో పోల్చడం లేదు. ఆ వివరాలు ఎవరైనా చెబుతారు. ఎక్కడైతే మీకూ మీ ఇంట్లోవాళ్ళకూ ఊరు సొంతమవుతుంది, ఎక్కడ అవడం కష్టం అన్నదే నేను చూసినంతలో చెబుతాను.

పర్లాకిమిడి

మాది శ్రీకాకుళం జిల్లా కాబట్టి పర్లాకిమిడి పోస్టింగ్ వచ్చిందని తెలియగానే ఇంట్లో అందరూ సంబరపడ్డారు. గజపతి జిల్లా కేంద్రమే అయినా మహేంద్రతనయ నది దాటితే మన పాతపట్నం. బజారులో తెలుగు, బస్సులో తెలుగు. నౌపడ నుంచి ఈ ఊరికి 1900లోనే రైలు వచ్చింది. అప్పటి చిన్న లైను ఇప్పుడు బ్రాడ్‌గేజ్‌గా మారి గుణుపురం దాకా పోతోంది.

రెండున్నరేళ్ళు అక్కడ పనిచేశాను. చిత్రంగా, నాలుగు ఊళ్ళలోనూ నాకు అతి తక్కువ తెలిసిన ఊరు అదే. సెలవుకు ముందురోజు మధ్యాహ్నానికే బ్యాగు సర్దేసుకునేవాడిని. ఆదివారం సంతలో ఏం వస్తుందో తెలియదు. ఎదురింటి పెద్దాయన ఏం చేసి రిటైరయ్యారో తెలియదు. ఇంటి యజమాని తన కూతురి పెళ్ళికి స్వయంగా వచ్చి పిలిచారు. అది ఆదివారం. మా ఊళ్ళో ఏదో పని ఉందని వెళ్ళలేదు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది.

కొత్త ఊరు మనకు పరిచయమయ్యేది ఆదివారాల్లోనే. మిగతా ఆరు రోజులూ ఆఫీసే కనిపిస్తుంది. ప్రతి ఆదివారమూ సొంతూరికి పోయేవాడికి ఉద్యోగం చేసే ఊరు బస్టాండు లాగే మిగిలిపోతుంది. అమ్మానాన్నలకు ఒంట్లో బాగోలేకపోయినా, భర్తో భార్యో టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో ఉద్యోగం చేస్తున్నా పర్లాకిమిడిని మించింది లేదు, నిశ్చింతగా ఎంచుకోండి. కానీ దగ్గర కాబట్టి త్వరగా అలవాటైపోతుందని మాత్రం అనుకోవద్దు. దగ్గర కాబట్టే ఆలస్యమవుతుంది.

అలవాటు కావడమంటే ఏమిటో ఇదే ఊళ్ళో ఒక మనిషి చేసి చూపించారు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో టీచరుగా చేరారు. చుట్టూ కొండల్లో ఉండే సవరల భాష ఎవరూ పట్టించుకోని రోజుల్లో దాన్ని నేర్చుకున్నారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. ఉద్యోగానికి వచ్చినవాళ్ళు అంతంత పనులు చేయాలని కాదు నేననేది. యాభై ఏళ్ళకు పైగా ఆయన్ను ఆ ఊరికి కట్టేసింది పక్కవాళ్ళ మాట వినాలన్న ఆ కోరికే అని నాకనిపిస్తుంది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ వయసులో ఆ ప్రయాణం ఎంత బాధగా ఉండి ఉంటుందో, రెండున్నరేళ్ళు ఏమీ పట్టించుకోకుండా గడిపిన నాకు ఇప్పుడు కొద్దిగా తెలుస్తోంది.

రాయగడ

రాయగడకు వచ్చేసరికి లెక్క మారుతుంది. విజయనగరం వెళ్ళే రైలు లైను మీద ఉంది, పార్వతీపురం దగ్గరే. కానీ వారం వారం పోయి రావడం ఒంటికి భారం. నెలకోసారి పోతాం, మిగతా మూడు ఆదివారాలూ ఊళ్ళోనే ఉంటాం. ఊరు అలవాటు కావడానికి ఆ మూడు ఆదివారాలు చాలు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చే కుర్రాళ్ళకు ఈ దూరం సరిగ్గా సరిపోతుందని నా నమ్మకం.

పని కూడా ఉంది. జేకేపూర్‌లో కాగితం మిల్లు, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్, కాశీపూర్ వైపు అల్యూమినా రిఫైనరీ. వీటికోసం వచ్చిన ఇంజనీర్లు, కెమిస్టులు, అకౌంటెంట్లు మా బ్రాంచికి వచ్చేవాళ్ళు. దీనికి తోడు రైల్వే డివిజన్ కేంద్రంగా రాయగడను ఎంచుకున్నారు. 2019లో ప్రకటించారు, 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఊరు ఇంకా చిన్నదిగా ఉండగానే వచ్చినవాళ్ళకు పరిచయాలు సులువు. కూరగాయల మనిషి నుంచి స్కూలు హెడ్మాస్టరు దాకా ఏడాదిలో అందరూ తెలుస్తారు.

ఇక్కడ ఒక ఇబ్బంది మాత్రం ఉంది. రాయగడలో తెలుగు ఎంతగా నడుస్తుందంటే ఒడియా ఒక్క ముక్క రాకుండా పదేళ్ళు బతికేయవచ్చు. మజ్జిగౌరమ్మ గుడికి వెళితే సగం మంది మనవైపు వాళ్ళే. మేమూ అలాగే బతికాం. ఉద్యోగాలకు వచ్చిన ఐదు తెలుగు కుటుంబాలం ఒక జట్టుగా ఉండేవాళ్ళం. కార్తీక మాసం పిక్నిక్కులు, సంక్రాంతికి అరిసెలు, అన్నీ కలిసే. 2016 వేసవిలో అందులో మూడు కుటుంబాలకు ఒక్క నెలలోనే బదిలీలు వచ్చాయి. ఆ తరవాత ఊరు ఊరంతా ఖాళీ అయినట్టనిపించింది. మాకు తెలిసిన రాయగడ ఆ ఐదు ఇళ్ళే అని అప్పుడు తెలిసింది. ఊళ్ళో దశాబ్దాలుగా ఉన్న తెలుగు వ్యాపారుల కుటుంబాలతో గానీ ఒడియా ఇరుగుపొరుగుతో గానీ స్నేహం కలుపుకుని ఉంటే ఆ దెబ్బ అంత గట్టిగా తగిలేది కాదు.

రాయగడ ఎంచుకునేవాళ్ళకు నా సలహా ఒక్కటే. స్నేహితుల్లో సగం మంది బదిలీ లేని మనుషులై ఉండేలా చూసుకోండి.

జయపురం, కోరాపుట్, కొండమీది టౌన్‌షిప్పులు

నాకు బాగా దగ్గరైన ఊరు జయపురం. కాబట్టి ఇక్కడ నా మాటలో కొంత పక్షపాతం ఉంటుందని ముందే చెబుతున్నాను.

కోరాపుట్ జిల్లాలో ఉద్యోగమంటే రెండు రకాల జీవితాలు. ఒకటి టౌన్‌షిప్పు. సునాబెడాలో 1964లో పెట్టిన హెచ్ఏఎల్ కర్మాగారం యుద్ధ విమానాల ఇంజిన్లు తయారుచేస్తోంది. దామంజోడిలో నాల్కో అల్యూమినా రిఫైనరీ ఉంది. క్వార్టర్సు, ఆసుపత్రి, స్కూలు, క్లబ్బు, చల్లటి గాలి, చెట్లు. కొత్తగా పెళ్ళయినవాళ్ళకూ చంటిపిల్లలున్నవాళ్ళకూ అంత సుఖమైన చోటు మరోటి ఉండదు. రెండోది జయపురం లాంటి పాత వ్యాపారపు ఊళ్ళో అద్దె ఇల్లు. నీళ్ళ ట్యాంకు దగ్గర్నుంచి గ్యాసు బండ దాకా అన్నీ మనమే చూసుకోవాలి.

టౌన్‌షిప్పులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాళ్ళ కాగితాలు నేను స్వయంగా చూశాను. పీఎఫ్ డబ్బు రాగానే ఖాతా విశాఖకో హైదరాబాద్‌కో మార్పించుకుని వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. వాళ్ళది తప్పని అనను. క్వార్టర్ తాళం అప్పగించాక వాళ్ళకు అక్కడ ఉండే చోటే లేదు. అభిమానమంతా కంపెనీ మీద పెరిగింది, ఊరు పక్కనే ఉన్నా ఊళ్ళోకి పోవలసిన అవసరం పడలేదు. జయపురంలో అద్దెకుండి ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టర్లు, కోచింగ్ చెప్పే మాస్టార్లు, మెడికల్ షాపుల వాళ్ళు అలా కాదు. వాళ్ళు మొదటి రెండేళ్ళూ నానా తంటాలు పడ్డారు. పదేళ్ళ తరవాత కదలమంటే కదలలేదు.

నా సంగతి చెబుతాను. 2018 ఆగస్టులో మా నాన్నగారు మా దగ్గరికి వచ్చి ఉన్నారు. ఒక రాత్రి పదకొండింటికి ఛాతీలో నొప్పన్నారు. ఫోన్ చేసిన అంబులెన్స్ ఎంతకీ రాలేదు. బయట వాన. కాళ్ళూ చేతులూ ఆడక గేటు దగ్గర నిలబడి ఉంటే, పక్కింటి రిటైర్డ్ ఒడియా మాస్టారు లుంగీ మీదే కారు తీశారు. ఘాట్ రోడ్డు ఎక్కి కోరాపుట్ మెడికల్ కాలేజీకి తీసుకెళ్ళాం. అది పెట్టి అప్పటికి ఏడాదే అయింది. వాళ్ళు ప్రాణం నిలబెట్టి, విశాఖ తీసుకెళ్ళండన్నారు. తెల్లవారుజామున సాలూరు ఘాట్ దిగుతుంటే వెనక సీట్లో నాన్నగారి తల మాస్టారి ఒళ్ళో ఉంది. ఆయనకు తెలుగు రాదు, నాన్నగారికి ఒడియా రాదు. దారంతా ఆయన "భయ నాహిఁ, భయ నాహిఁ" అంటూనే ఉన్నారు. భయం అన్న మాట రెండు భాషల్లోనూ ఒకటే కదా.

ఈ సంగతి నుంచి రెండు విషయాలు తీసుకోండి. మొదటిది, పెద్ద గుండె జబ్బులకూ పెద్ద ఆపరేషన్లకూ జయపురం నుంచి విశాఖే దిక్కు, దారి కొండదారి. ఇంట్లో అలాంటి జబ్బున్నవాళ్ళుంటే బరంపురం మేలు. రెండోది, పక్కింటి మాస్టారు దొరికేది వీధిలోనే.

జయపురానికి మన చదువులతో పాత సంబంధం కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైన్సు చదివినవాళ్ళు ఎంతమందో! అక్కడి సైన్సు కాలేజీకి జయపురం విక్రమదేవ్ మహారాజు పేరే పెట్టారు. ఆయన ఒడియాలోనూ తెలుగులోనూ రచనలు చేసినవారు. మా అన్నయ్య అక్కడే ఎమ్మెస్సీ చేశాడు. నేను జయపురంలో చేరాక గానీ ఆ పేరు ఏ ఊరిదో అతనికి తట్టలేదు.

బరంపురం

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే ఇక ఆలోచించక్కరలేదు, బరంపురమే. చిన్న ఊళ్ళ నుంచి చదువుకున్న కుటుంబాలు వెళ్ళిపోవడానికి నేను చూసినంతలో అతి పెద్ద కారణం ఆసుపత్రి కాదు, స్కూలూ కాదు. ఆయనకు ఉద్యోగం ఉంటుంది, ఆవిడకు ఉండదు. బీటెక్ చదివి, బీఈడీ చదివి, ఇంట్లో కూర్చోవలసి వస్తే ఆ ఊరి మీద ఎవరికి మాత్రం మమకారం పుడుతుంది? జయపురంలో మా ఆవిడ మూడేళ్ళు ఖాళీగా ఉంది. నాకు ఊరు నచ్చినంతగా తనకు నచ్చడానికి చాలా కాలం పట్టింది, ఆ తేడాకు కారణం ఇదే. బరంపురంలో 1962 నుంచి మెడికల్ కాలేజీ ఉంది, 1967 నుంచి యూనివర్సిటీ ఉంది, 2016లో ఐఐఎస్ఈఆర్ అనే జాతీయ సైన్సు విద్యాసంస్థ వచ్చింది. స్కూళ్ళు, ఆసుపత్రులు, బ్యాంకులు లెక్కలేనన్ని. ఇద్దరికీ పని దొరికే అవకాశం ఈ నాలుగింటిలో ఇక్కడే ఎక్కువ. మెయిన్ లైను మీద ఊరు కాబట్టి విశాఖకూ భువనేశ్వర్‌కూ రైళ్ళ కొరత లేదు.

తెలుగువాళ్ళు పొరపడేది కూడా ఇక్కడే. ఈ ఊరున్న గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు చాలా. మన రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరి గారు 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనే, వాళ్ళ నాన్నగారు లాయరు. ఇదంతా విని, వెళ్ళగానే మనవాళ్ళు ఎదురొచ్చి కలుపుకుంటారని ఆశపడతాం. అలా జరగదు. వాళ్ళు ఈ ఊరివాళ్ళు. వాళ్ళ తెలుగులో ఒడియా కలిసిపోయి ఉంటుంది, వాళ్ళ పండగలు ఈ ఊరి పండగలు. మనం తెలుగువాళ్ళమైనా వాళ్ళకు పొరుగూరి నుంచి వచ్చినవాళ్ళమే. మొదటి ఏడాది నాకిది కాస్త చిన్నతనంగా అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే అదే న్యాయం. ఊరు ముందు, భాష తరవాత.

లోపలికి దారి చూపించింది ఠాకురాణీ యాత్ర. రెండేళ్ళకోసారి వేసవిలో వారాల తరబడి జరుగుతుంది. బుఢీ ఠాకురాణీ అమ్మవారు నేతపనివాళ్ళ పెద్ద అయిన దేశి బెహరా ఇంటి ఆడపడుచుగా పుట్టింటికి వస్తుంది. ఆ వీధిలో పందిరిగుడి వేస్తారు. మొక్కున్నవాళ్ళు రకరకాల వేషాలు కడతారు. మా పిల్ల స్కూలు స్నేహితురాలిది పట్టు నేసే కుటుంబం. వాళ్ళమ్మ మా ఆవిడను తోడు రమ్మని పిలిచింది. అమ్మాయి పుట్టింటికి వస్తోందంటే ఏ ఆడమనిషికి వేరే అర్థం చెప్పాలి? ఆ రాత్రి ఇంటికి తిరిగొచ్చాక మా ఆవిడ "మన వీధిలో" అంది. అంతకుముందు ఎప్పుడూ "వీళ్ళ వీధిలో" అనేది.

ఉక్క, తుపాన్లు ఉన్నాయి. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఇల్లు చూసుకునేటప్పుడు ఎత్తైన వీధి చూసుకోండి, రేకుల కప్పు వద్దు.

తొమ్మిదో తరగతి లెక్క

ఏ ఊరైనా సరే, పిల్లలు ఎనిమిదో తరగతికి వచ్చేసరికి తల్లిదండ్రులకు టెన్షన్ మొదలవుతుంది. ఆంధ్రలో ఇంజనీరింగ్ సీట్లలో 85 శాతం లోకల్ పిల్లలకు. లోకల్ అనిపించుకోవడానికి సాధారణంగా చూసేది ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ళ చదువు ఎక్కడ జరిగిందని. అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా. అందుకే తొమ్మిదికి ముందు కుటుంబాలు తిరుగుటపా కడతాయి. తల్లీ పిల్లలూ విశాఖలో, తండ్రి ఇక్కడ ఒంటరిగా. అలా విడిపోయిన ఇళ్ళు ఎన్నో చూశాను. ఆ తండ్రులకు ఊరు మళ్ళీ బస్టాండు అయిపోతుంది.

ఇది ముందే మాట్లాడుకోండి. పిల్లలకు మూడేళ్ళున్నప్పుడు వస్తే పదేళ్ళు చేతిలో ఉన్నట్టు. ఏడో తరగతిలో ఉండగా వస్తుంటే, ఇక్కడే చదివించి ఒడిశా కోటాలోనో జాతీయ పరీక్షల్లోనో పోటీ పడనిస్తారా, లేక మీరొక్కరే వస్తారా అన్నది చేరకముందే తేల్చుకోవాలి. నియమాలు మారుతుంటాయి, ఆ ఏడాది నోటిఫికేషన్ చదువుకోండి. బదిలీల ఉద్యోగమైతే కేంద్రీయ విద్యాలయం ఉన్న ఊరు నయం.

ఒడియా ఎంత రావాలి

పర్లాకిమిడిలో, రాయగడలో రాకపోయినా గడుస్తుంది. జయపురం, బరంపురాల్లో రావాలి. భయపడక్కరలేదు. హిందీలో కా, కీ దగ్గర తడబడే మనకు ఒడియా తేలిక, క్రియల్లో ఆడా మగా తేడా లేదు. "ఆసంతు, బసంతు" అంటే రండి, కూర్చోండి. "కేతే" అంటే ఎంత. ఈ మూడింటితో నేను నెల రోజులు కౌంటరు నడిపాను.

అలవాట్లు అంతకన్నా దగ్గర. మన శ్రీకాకుళం వైపు గురువారాన్ని లక్ష్మివారం అంటాం కదా, మార్గశిరంలో ఆ రోజు అమ్మవారికి పూజ చేస్తాం. ఇక్కడా మార్గశిర గురువారాలే, మాణబసా అంటారు. కొత్త ధాన్యాన్ని మాణ అనే కొలతపాత్రలో నింపి, వాకిట పిండితో ముగ్గు వేసి లక్ష్మిని పిలుస్తారు. మా అమ్మ అది చూసి "మన కుంచమే కదురా" అంది. చద్దన్నం వాళ్ళ పఖాళ, చోళ్ళు వాళ్ళ మాండియా. కోరాపుట్ కొండల్లో చోడి అంబలి తాగి పనికి పోయేవాళ్ళను చూస్తే మా తాతగారు గుర్తొచ్చేవారు.

మా మేనకోడలికి చెప్పింది

తనకు పెళ్ళి కుదిరింది, అబ్బాయి ఫార్మసిస్టు. కాబట్టి బరంపురం అన్నాను. ఒంటరిగా వెళుతుంటే, నాలుగైదేళ్ళు ఉండాలన్న మనసుంటే, జయపురంలో వీధి ఇల్లు చూసుకుని అక్కణ్ణుంచి కాలేజీకి వెళ్ళమనేవాడిని. "అయితే రెండేళ్ళు చాలవా?" అంది. మొదటి ఏడాదే అన్ని ఆదివారాలూ అక్కడే ఉండి చూడమన్నాను. క్యాంపస్ క్వార్టర్ ఇస్తామన్నా మొదటి ఏడాది తీసుకోవద్దన్నాను. కిందవాటాలో యజమాని ఉండే ఇల్లు, నడిచి వెళ్ళగలిగే దూరంలో కూరగాయల బజారు, ఈ రెండూ చూసుకుంటే చాలని చెప్పాను. వచ్చే లక్ష్మివారం వస్తానంది. మా వీధిలో రెండు ఇళ్ళకు టు-లెట్ బోర్డులున్నాయి. నిన్న సాయంత్రం మా ఆవిడ వెళ్ళి రెండింట్లోనూ నీళ్ళు ఎన్ని గంటలు వస్తాయో కనుక్కుని వచ్చింది.